కొండెక్కిన ముడుపు

“ముడుపేదండీ?”

రమామణి వేసిన కేకకు పెరట్లో కాకి లేచిపోయింది. వంటింట్లో పాలు పొంగిపోయాయి. వసారాలో గడ్డం గీసుకుంటున్న యతిరాజులు దవడ మీద ఎర్రటి గీత పడింది.

“ఏ ముడుపే?”

“స్వామి పటం కింద మేకుకు తగిలించింది. పసుపు గుడ్డది. మీకేమన్నా తెలుసా?”

“మేకుకు తెలియాల్సింది మనకేం తెలుస్తుంది?” అంటూ యతిరాజులు సగం నురగ, సగం మొహంతో పూజగది గడప దాకా వచ్చాడు.

రమామణి నవ్వలేదు. పదిహేనేళ్ళ కాపురంలో మొగుడి మాటలకు నవ్వకపోవడం ఆమెకు కొత్త కాదు. కోప్పడకపోవడం కొత్త. అది చూసి యతిరాజులుకు కొంచెం భయం వేసింది.

మేకు బోడిగా ఉంది. దాని కింద, ఆరు నెలలుగా మూట ఆనుకున్న చోట గోడ మీద గుండ్రటి పసుపు మరక ఒక్కటే మిగిలింది.

“ఓస్, అదా! అమ్మ తీసుకుపోయింటుంది. తెల్లారకముందే తలుపు తీసి ‘గోవిందా’ అన్న సప్పుడు విన్నా. కొండకు పోయింది. స్వామి దుడ్డు స్వామి దగ్గరికి పోతా ఉండాది. దీనికి ఇంత కేకా?”

రమామణి గోడకు జారగిలబడి అక్కడే కూలబడింది.

“అది స్వామిది కాదు.”

“మరి?”

“సొసైటీది.”

యతిరాజులు గడ్డం మీద నురగ బుడగలు ఒక్కొక్కటీ పగిలాయి.

“ఇంకోసారి చెప్పు.”

“ఇంటి సైటుకు కట్టాల్సిన ఆఖరి కంతు. మూడొందల అరవై. నెలకు అరవై లెక్కన ఆర్నెల్లు కూడబెట్టినా. మొక్కూ లేదు, ముడుపూ లేదు. ముడుపంటే ఎవరూ ముట్టుకోరని పసుపు గుడ్డలో కట్టి ఆ మేకుకు తగిలించినా.”

“ఎవరూ అంటే?”

రమామణి వేళ్ళు మడిచింది. తనను తీసేస్తే ఇంట్లో ఉండేది నలుగురు. మామగారు మనవరాలిని వెంటబెట్టుకొని పాకాలలో కూతురింటికి వెళ్ళి పదిరోజులైంది. అత్తగారు రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసుకొని మళ్ళీ కొంగున కట్టుకునే మనిషి. పేరుకు వరదమ్మ, ఖర్చుకు ఆనకట్ట. ఇక మిగిలింది ఎవరో తీసివేతలు రానివాడికైనా తెలుస్తుంది.

“అంటే నేను,” అన్నాడు యతిరాజులు. “నేనే దొంగ.”

“దొంగని నేననలేదు.”

“నోటితో అనలేదు. గుడ్డలో కట్టినావు.”

యతిరాజులు పేరులో యతి ఉంది, మాటలో ప్రాస ఉంది, ఖర్చులో మాత్రం మితి లేదు. సత్రం ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆ జీతం ఒకటో తేదీన గీతంలా మోగేది, పదో తేదీకి గతమయ్యేది. కొండకొచ్చిన ప్రతి బంధువుకూ గోవిందరాజస్వామి గుడి వెనక ఉన్న ఈ రెండు గదుల అద్దె ఇల్లే రెండో సత్రం. వచ్చినవాడికి కాఫీ, ఉన్నవాడికి టిఫిను, పోయేవాడికి రిక్షా. అందుకే ఉగాది మర్నాడు రమామణి పాత చీరలు చింపి ఏడు మూటలు కుట్టింది. బియ్యానికి ఎర్ర మూట, పాలకు తెల్ల మూట, అద్దెకు ఆకుపచ్చది. ఇట్లా జీతం వచ్చిన సాయంత్రమే ఏ మూటది ఆ మూటకు పోయేది. ఒక మూటలోది ఇంకో మూటకు మారకూడదు. ఆరు నెలలు మారలేదు. బంధువులు అలిగారు. యతిరాజులు సిగరెట్లు బీడీలయ్యాయి, బీడీలు నిట్టూర్పులయ్యాయి. ఏడో మూట పసుపుది. మిగులు వేసుకున్న మూట. ఈ పొద్దున మిగులు పోయి దిగులు మిగిలింది.

“దాని మీద నాకెప్పుడూ చెయ్యి పడలేదనుకున్నావా?” యతిరాజులు గొంతు తగ్గింది. “రెండుసార్లు పడింది. స్వామిది గదా అని కళ్ళకద్దుకొని వచ్చేసినా. సైటుదని ఒక్కమాట చెప్పింటే తీసేవాణ్ణా నేను?”

తీసేవాడని ఆమె అనగలదు. తీసేవాడు కాదని కూడా అనగలదు. రెండూ అనలేదు. ఆ ఊరుకోవడమే అతనికి కత్తిగాటుకన్నా ఎక్కువ మండింది. నురగ తుడుచుకొని తుండు భుజాన వేసుకున్నాడు.

అంతలో వాకిట్లో బుట్ట దించిన చప్పుడైంది. పూలమ్మే మునెమ్మ. తెల్లవారుజామున అలిపిరిలో పూలిచ్చి ఊళ్ళోకి తిరిగొచ్చే మనిషి.

“అమ్మణ్ణీ! మీయత్తకు ఏం ఓపికమ్మా! అలిపిరి కాడ నా దగ్గిర రెండు మూరలు తీసుకునింది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా ఎక్కుతా ఉండాది. సూడు, ఆ వయసులో!”

రమామణి దిగ్గున లేచింది. “ఎంతసేపయింది?”

“ఆరు కాలేదు అప్పుటికి.”

గోడ గడియారంలో ఎనిమిది. మామూలుగా నడిచేవాళ్ళయితే ఈ పాటికి సగం దారి దాటేసి ఉందురు. మెట్టుకొకసారి వంగి లేచే అరవై రెండేళ్ళ మనిషి అంత దూరం పోయి ఉండదు. అందుకోవచ్చు!

“బస్సెక్కు,” అన్నాడు యతిరాజులు, అభిమానం పక్కన పెట్టి. “పైన మెట్ల దారి చివర కాపు కాస్తే ఆమే వస్తుంది.”

“ప్రయాణాల మూటలో పావలా ఉండాది. ఈ పొద్దు ముప్పయ్యో తేదీ.”

“పాల మూటలోంచి తీ.”

“పాల మూట పాలకే.”

“ఇల్లు కాలిపోతా ఉంటే బిందెలో నీళ్ళు తాగడానికే అంటావా?”

“అంటా. ఆర్నెల్లు అన్నా కాబట్టే మూడొందల అరవై అయింది. ఒక మూట ముడి విప్పితే ఏడూ విప్పినట్టే. ఇంకెవరికి తెలియకపోయినా మీకు తెలుసు.” ఆమె అప్పటికే కొంగు నడుముకు దోపింది. “పైన ఆ జనంలో ఒకరికొకరు కనబడం. మెట్ల మీదయితే ఒకటే దారి. మీరు ఒక్క పని చేయండి. సొసైటీ ఆఫీసు కాడికి పోయి నిలబడండి. నాలుక్కి పుస్తకం మూస్తారు. అప్పటికి కట్టకపోతే సైటు మన తర్వాత వరసలో ఉండే దేవరాజులుకు పోతుంది, మనం కట్టిన ఎనిమిది వందలూ ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. నేనొస్తా ఉండానని చెప్పండి. ఇంకేమీ చేయొద్దండి.”

“ఇంకేమీ?”

“ఇంకేమీ!”

రమామణి చెప్పులు కూడా వేసుకోలేదు.

అలిపిరిలో మొదటి మెట్టు మీదే గుర్తు దొరికింది. మెట్లకు పసుపు పెట్టేవాళ్ళు చాలామంది. నడిమధ్యలో పెడతారు, వెనకవాళ్ళ పాదాలకు అంటి పోతుంది. వరదమ్మ మాత్రం ఎవరి కాలూ పడని ఎడమ మూలన, బొటనవేలితో ఒక్క రాపు రాసి, దాని రెండు కొసలకూ కుంకుమ చుక్క పెడుతుంది. ఇంట్లో గడపకు పెట్టేదీ అట్లాగే. పసుపు దండగ కాకూడదు, పుణ్యం తొక్కుడు పడకూడదు.

ఆ రాపు పట్టుకొని రమామణి ఎక్కడం మొదలుపెట్టింది.

మొదటి నూరు మెట్లలో పసుపు ఎండి పొడిబారి ఉంది. గోవిందా! ఇన్నూరు, ముందర తమిళ యాత్రికుల గుంపు. వాళ్ళ గోవిందలో తన గోవింద కలిపి సందు చేసుకుంది. మున్నూరు దాటాక లెక్క తప్పింది. లెక్క తప్పడం ఆరు నెలల్లో ఇదే మొదటిసారి. ఎదురుగా మెట్లు గోడలాగా లేచి నిలబడ్డాయి. ఇంట్లో అత్తగారు ఒక మెట్టు దిగితే కోడలు రెండు మెట్లు ఎక్కేది. ఈరోజు అత్తగారు ఎక్కినన్నీ తానూ ఎక్కాలి. మోకాళ్ళు చేత్తో నొక్కుకుంటూ ఎక్కింది.

ఒక చోట కొత్త పెళ్ళికూతురొకతె మెట్ల మీద కూర్చొని ఒగరుస్తోంది.

“అమ్మా, ఒక పెద్దామె, ఎర్రంచు చీర…”

“పోయింది. నన్ను చూసి, ‘ఏందే, పద్దెనిమిదేళ్ళకే ఆయాసమా’ అని పోయింది.”

అత్తగారే! సందేహం లేదు!

గాలిగోపురం కనబడేసరికి రాపులు మెరుస్తున్నాయి. రమామణి వంగి ఒకదాన్ని తాకింది. వేలికి తడి తగిలింది. గోపురం నీడలో చల్లగాలి విసిరికొట్టింది కానీ ఆమె ఆగలేదు. గోపురం దాటి చదునైన దారిలో పరుగెత్తింది. మండపం అరుగు మీద, కాళ్ళు బారచాపుకొని, ఎవరో తమిళామెకు పసుపు పొట్లం ఇస్తూ, వరదమ్మ!

“అత్తా!”

వరదమ్మ తలెత్తింది. మొహం వెలిగిపోయింది.

“నువ్వూ వచ్చినావా! వస్తావని తెలిసింటే ఒక గంట ఆగేదాన్ని. కూర్చో. పులిహోర ఉండాది.”

“అత్తా… ముడుపు…”

“పదిలంగా ఉండాది.” ఆమె నడుం దగ్గర తట్టి చూపించింది. “చెప్పకుండా తెచ్చినానని అలిగినావా? నిన్న రాత్రంతా ఆలోచించినా. ఈ పొద్దు సైటుకు ఆఖరి రోజు గదా. మన దగ్గర దుడ్డు లేదు. నువ్వు సైటు కోసమే ముడుపు కట్టినావని నాకు తెలుసు. అది మేకుకు వేలాడతా ఉంటే స్వామి మాత్రం ఏం చేస్తాడు? ఆయన చేతికి ముట్టజెప్పితే సాయంత్రం లోపల దారి ఆయనే చూపిస్తాడు. మెట్టుమెట్టుకూ అదే చెప్పుకుంటా వస్తా ఉండా. మూడొందల అరవై చూపించు స్వామీ, మూడొందల అరవై చూపించు స్వామీ అని.”

రమామణికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

“అత్తా, మీ నడుములో ఉండేదే ఆ మూడొందల అరవై.”

చెప్పేసింది. మొదటినుంచి చివరిదాకా, ఊపిరి తీసుకోకుండా, మూటలన్నీ ఒక్కసారే విప్పి గుమ్మరించినట్టు. వరదమ్మ వింటూ వింటూ చేతిలోని పులిహోర ముద్దను మళ్ళీ ఆకులో పెట్టేసింది.

చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“నాకు చెప్పినావా?” అంది వరదమ్మ.

“లేదు.”

“వాడికి?”

“లేదు.”

“స్వామికి మాత్రం చెప్పినావు. ఒకటో తేదీ వస్తే అరవై రూపాయలు అందులో పెట్టి, కళ్ళకద్దుకొని, ‘స్వామీ, ఇది నీది’ అన్నావు. నా చెవులారా విన్నా.”

“ఆయనకు చెప్పలేదత్తా. మీకూ మీ కొడుక్కూ వినబడాలని గట్టిగా అన్నా.”

“మధ్యలో ఆయన ఉండాడు గదా. ఆయనకూ వినబడింది.”

వరదమ్మ నడుములోంచి పసుపు మూట తీసి అరుగు మీద ఇద్దరి మధ్యా పెట్టింది.

“తీసుకో. నీకు చెయ్యి వస్తే తీసుకో.”

రమామణి చెయ్యి చాపింది. చెయ్యి మూట దాకా పోయి ఆగింది. ఆరు నెలలు అందరినీ భయపెట్టిన అబద్ధం ఇప్పుడు ఆమెనే భయపెట్టింది. మొగుడికోసం వేసిన ముడి తన చేతికే బిగుసుకుంది.

“చూసినావా?” వరదమ్మ గొంతులో గెలిచిన సంతోషం లేదు. “లోపల ఎంతుండాదో తెలుసునా?”

“మూడొందల అరవై.”

“నాలుగొందల ఎనిమిది.”

“ఎట్లా?”

“నలభై ఎనిమిది నాది. నా వక్కాకుకని నెలకు ఎనిమిది రూపాయలు ఇస్తివి గదా. పళ్ళు నొప్పని మానుకున్నా. నువ్వు పడుకున్నాక అందులో వేస్తా ఉంటి. కోడలు ఒక్కతే మొక్కు మోస్తా ఉంటే చూస్తా కూర్చోనా?”

రమామణికి గుర్తొచ్చింది. ఆరు నెలలుగా అత్తగారి పెదవులు ఎర్రగా లేవు. గోడల మీద వక్కాకు మరకలు తగ్గాయని లోలోపల సంతోషపడింది కూడా. ఆమె తలొంచుకుంది.

“నీ మూటలు మంచివే,” అంది వరదమ్మ, కాసేపటికి. “ఆర్నెల్లు నిలబెట్టినావు, నేనయితే నిలబెట్టలేను. ఒక్కటే తక్కువ.”

“ఏంది?”

“ఊరికే పోయేదానికి ఒక మూట. బంధువొస్తాడు. చెయ్యి జారి కుండ పగులుతుంది. కాలు మెలికపడితే పుత్తూరు కట్టుకు పోవాల. అది ఏ మూటలోనూ లేదు. లేకపోయేసరికి అబద్ధం చెప్పుకొని బతకాల్సి వచ్చింది. చూడు, నేను మూడు పొట్లాలు తెచ్చినా. గాలిగోపురం దాకా ఒకటి, పైదాకా ఒకటి, అడిగినోళ్ళకు ఇచ్చేదానికి ఒకటి. ఆ మూడోది లేకుంటే పై రెండూ చాలవు.”

చెట్ల సందులోంచి ఎండ మండపం అరుగెక్కుతోంది. కింద ఊళ్ళో గడియారం ఆగి ఉండదు.

“లే,” అంది వరదమ్మ ఉన్నట్టుండి.

“ఎక్కడికి?”

“లేచి కొండకు మొహం పెట్టి నిలబడు. అప్పుగా అడుగు. ఆయన వడ్డికాసులవాడు. పెండ్లికి చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కట్టుకుంటా ఉండే మనిషికి కంతుల బాధ తెలీదా? దొంగతనంగా తీసుకుంటే పాపం. అడిగి తీసుకుంటే అప్పు. అడుగు!”

“ఇంతమందిలోనా?”

“మేకు ముందర గట్టిగా అన్నావు గదా. ఈడా గట్టిగానే అను.”

రమామణి లేచింది. చెంగు భుజం చుట్టూ కప్పుకొని, చేతులు జోడించి, దారినపోయే నలభైమంది వింటుండగా చెప్పింది: “స్వామీ, మూడొందల అరవై అప్పు. వచ్చే ఉగాది లోపల తీరుస్తా. వడ్డీతో.”

“వడ్డీ ఎంతో చెప్పు. ఊరికే వడ్డీ అంటే మా యతిరాజులు మాటలాగుంటుంది.”

“నూటికి రూపాయి.”

“గోవిందా!” అన్నారు వెనకనుంచి యాత్రికులు. విషయం ఎవరికీ తెలియదు గానీ సాక్షి సంతకాలు మాత్రం గట్టిగా పడ్డాయి.

వరదమ్మ ముడి విప్పి, చిల్లరంతా ఏరి నలభై ఎనిమిది కొంగున కట్టుకుంది. మిగిలినది పసుపు గుడ్డలోనే కట్టి కోడలి చేతిలో పెట్టింది. “నేను ఎక్కిన మెట్టు దిగను. నాది నేను హుండీలో వేసి రేపొస్తా. నువ్వు పో. బిరీన పో!”

రమామణి దిగిందో, దొర్లిందో, ఎగిరిందో ఆమెకే తెలియదు. గాలిగోపురం వచ్చింది, పోయింది. ఎక్కేటప్పుడు గోడలాగున్న మెట్లు దిగేటప్పుడు నీళ్ళలాగా కాళ్ళ కింద జారిపోయాయి. ఇల్లు కళ్ళముందర లేస్తోంది. ఇంకా పునాది లేని ఇల్లు, తూర్పు వాకిలి, వంటింట్లో గోడకు ఎనిమిది మేకులు. ఎనిమిదోది ఊరికే పోయేదానికి.

అలిపిరిలో ఆఖరి మెట్టు దిగేసరికి ఒంటిగంట దాటింది. ఎదురుగా యతిరాజులు! నుదుట తాజా నామం, మొహం నిండా నవ్వు.

“రమా! అంతా సర్దేసినా!”

“నేనూ సర్దేసినా!”

“నువ్వు చెప్పు!”

“మీరు ముందు చెప్పండి!”

అతను చెప్పకుండా ఉండలేడని ఆమెకు తెలుసు. చెప్పాడు.

“పదకొండు దాకా సొసైటీ కాడే నిలబడినా. నువ్వు రాలేదు. అమ్మ సంగతి నాకు తెలీదా, ఎక్కిందంటే దిగదు. ఎనిమిది వందలు మునిగిపోతాయని అటూ ఇటూ తిరగతా ఉండా. ఆ టయానికి దేవరాజులు వచ్చినాడు. ‘అప్పా, ఊరికే పోగొట్టుకుంటావెందుకు, నాకు రాసిచ్చేయ్’ అన్నాడు. బేరం చేసినా రమా! తొమ్మిది వందలు! చేతిలో పెట్టినాడు. సైటు పోయినా నూరు లాభం! పదిహేనేళ్ళలో మొదటిసారి నేను ఇంటికి దుడ్డు తెస్తా ఉండా!”

రమామణి గుప్పిట విప్పింది. అరచేతిలో పసుపు మూట.

యాత్రికులు గోవిందలు కొడుతూ వాళ్ళిద్దరినీ చుట్టుకొని పోతున్నారు. యతిరాజులు మూటను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ మూటను చూశాడు. నవ్వు కాసేపు మొహం మీదే ఎటు పోవాలో తెలియక నిలబడింది.

“రాసిచ్చేసినారా?” ఆమె గుప్పిట మళ్ళీ మూసుకుంది.

“నేను సంతకం చేసినా. దేవరాజులు చేసినాడు. సెక్రటరీ భోజనానికి పోయినాడు. మూడింటికి వచ్చి పెడతాడంట.”

“ఆయన పెట్టేదాకా అది ఉత్త కాగితమే గదా?”

“అంతే గదా!”

“అయితే తొమ్మిది వందలు తీయండి. ఆయన దుడ్డు ఆయన మొహాన కొట్టి కాగితం చించేద్దాం. తర్వాత ఇది కంతుకు కడదాం. గంటన్నర ఉండాది. తీయండి!”

యతిరాజులు జేబులోంచి నోట్లు తీశాడు. ఆమె వేళ్ళకు లెక్క తెలుసు, కళ్ళు అక్కర్లేదు. అయిదువందల నలభై.

“మిగతాది?”

అతను పక్కకు తిరిగి పాదాల మండపం వైపు చూశాడు.

“చెప్పండి!”

“స్వామికి.” చిన్నపిల్లవాడి గొంతు. “నాలుగు దాటినాకైనా నువ్వు ఎట్లాగైనా అమ్మ దగ్గర ముడుపు తెస్తావు. తెస్తే ఆయన బాకీ నీ మీద ఉంటుంది గదా. పదిహేనేళ్ళు నా బాకీలు నువ్వు మోసినావు. ఒక్కటి నేను మోయలేనా? ఆడ హుండీలో మూడొందల అరవై వేసి, నీ పేరు చెప్పి దండం పెట్టినా.”

తిట్టడానికి నోరు తెరిచింది రమామణి. మాట రాలేదు. ఇంత తెలివితక్కువగా డబ్బు పారబోసిన మనిషిని ఆమె చూడలేదు. ఆమె కోసం ఇట్లా పారబోసిన మనిషిని కూడా చూడలేదు.

“తిట్టవే,” అన్నాడతను. “గమ్మునుంటే భయంగా ఉండాది.”

“ఆర్నెల్ల ముందు మీకు చెప్పాల్సింది.”

“చెప్పింటే ఖర్చుపెట్టేసేవాణ్ణేమో.”

“అయినా చెప్పాల్సింది. ముగ్గురం మూడు దిక్కుల కాపలా కాసినాం. ఒకరికొకరం చెప్పుకోలా.”

అతను ఏదో అనబోయాడు. ప్రాస కుదరలేదు. నోట్లు ఆమె చేతిలో పెట్టేశాడు.

అయిదువందల నలభై, మూడువందల అరవై. కలిపితే సరిగ్గా తొమ్మిది వందలు. దేవరాజులుకు ఇస్తే సైటు తిరిగొస్తుంది, కంతు కట్టడానికి పైసా ఉండదు. కంతుకు దాచుకుంటే కట్టడానికి సైటే ఉండదు. మూడువందల అరవై ఒక్కటే. చాచిన చేతులు రెండు.

రమామణి మెట్టు మీద కూర్చొని పసుపు గుడ్డ విప్పింది. రెండు మొత్తాలూ కలిపింది. బిగించి ముడి వేసింది.

“ముందు దేవరాజులు. సైటు మన చేతికి రానీ.”

“కంతు?”

“అది నాలుక్కి. ఇది మూడింటికి. నడవండి!”

ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ ఊరి వైపు పరుగెత్తారు. వంద గజాలు పోయారో లేదో, ఎదురుగా గంట మోగించుకుంటూ ఒక సైకిలు వస్తోంది. పంచె ఎగ్గట్టి, మొహమంతా చెమటతో తొక్కుతున్నవాడు దేవరాజులు.

“యతిరాజులప్పా! ఓ యతిరాజులప్పా!” అని అరుస్తున్నాడు. తర్వాతి మాటలు గోవిందల్లో కొట్టుకుపోయాయి. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకొని రెండో చేత్తో ఒక కాగితం పైకెత్తి ఊపుతున్నాడు.

రమామణి ఆగిపోయింది. మూటను రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

కాగితం కింది భాగం గాలికి మడతపడి రెపరెపలాడుతోంది. అక్కడ సంతకాలు రెండే ఉన్నాయో, సెక్రటరీదీ కలిసి మూడున్నాయో ఇంత దూరం నుంచి కనబడలేదు.